ఆ నంబరు ఎవరిది? చిన్న ఆఫీసులో ఫోన్లు, వాట్సాప్, మెయిల్ సర్దుకోవడం ఎలా

ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీ కస్టమర్లు, సప్లయర్లు, బ్యాంకు, ఆడిటరు ఏయే నంబర్లకు ఫోన్ చేస్తారో, ఏయే మెయిల్ ఐడీలకు రాస్తారో అన్నీ ఒకదాని కింద ఒకటి రాయండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు ఉండాలి: ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉంది, ఆ ఫోను రాత్రి ఎవరి ఇంట్లో ఉంటుంది, పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు. మిగతా పనంతా ఈ కాగితంతోనే మొదలవుతుంది.

నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, పంపుసెట్లు అమ్మే ఒక డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. చుట్టుపక్కల షాపుల వాళ్లు, బాలానగర్, చర్లపల్లి వైపు చిన్న వర్క్‌షాపుల వాళ్లు అడిగితే వాళ్ల ఆఫీసు ఫోన్లు, మెయిళ్లు కూడా సర్దిపెడుతుంటాను. ఎక్కడ ఈ కాగితం రాయించినా దాదాపు ఒకటే బయటపడుతుంది. కొటేషన్లు సేల్స్ కుర్రాడి సొంత వాట్సాప్ నుంచి వెళ్తుంటాయి. పేమెంట్ స్క్రీన్‌షాట్లు గుమాస్తా ఫోన్లో ఉంటాయి. జీఎస్టీ ఓటీపీలు ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ నంబరుకి పోతుంటాయి. కంపెనీ జీమెయిల్ ఏమో ఓనరు గారి అబ్బాయి కాలేజీలో ఉన్నప్పుడు తెరిచింది.

ఇదివరకు ల్యాండ్‌లైన్ కౌంటర్ మీద ఉండేది, ఆర్డర్ బుక్ సొరుగులో ఉండేది. ఎవరు ఉద్యోగం మానేసినా రెండూ అక్కడే ఉండేవి. ఇప్పుడు అవి ఉద్యోగి జేబులో ఇంటికి వెళ్తున్నాయి. దీనివల్ల వ్యాపారానికి ఎంత ప్రమాదమో ఆ ఉద్యోగి సొంత జీవితానికీ అంతే ఇబ్బంది. ఓనర్లు నన్ను మొదటిదాని గురించే అడుగుతారు. నేను చూసినంతలో రెండోది సర్దితేనే మొదటిది సర్దుకుంటుంది. ఆఫీసు మాట ఆఫీసులో ఉండాలి, మనిషి ఫోను మనిషికే ఉండాలి. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

నంబరు షాపుదై ఉండాలి

040తో మొదలయ్యే మీ పాత ల్యాండ్‌లైన్ ఇంకా పనిచేస్తుంటే దాన్ని వదులుకోకండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌ని ల్యాండ్‌లైన్ నంబరుతో కూడా పెట్టుకోవచ్చు. ఆఫీసు ఫోన్లో యాప్ వేసి, ల్యాండ్‌లైన్ నంబరు ఇచ్చి, కోడ్ ఎస్‌ఎంఎస్‌గా కాకుండా ఫోన్ కాల్‌గా రావాలని ఎంచుకోండి. ల్యాండ్‌లైన్ మోగుతుంది, ఎత్తితే ఆరంకెల కోడ్ చదివి వినిపిస్తుంది. అది కొడితే అయిపోయింది. కాల్ రాగానే రికార్డు చేసిన గొంతు పలికే లైన్ అయితే కాసేపు ఆ సదుపాయం ఆపి, మనిషే ఫోన్ ఎత్తేలా చూసుకోండి. ఏళ్ల తరబడి కస్టమర్ల డైరీల్లో ఉన్న నంబరే వాట్సాప్‌లో కూడా కనిపిస్తే వాళ్లకి కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు.

ల్యాండ్‌లైన్ లేకపోతే సంస్థ పేరు మీద బిజినెస్ కనెక్షన్ తీసుకోండి. 2023 చివరి నుంచి వచ్చిన నియమాల ప్రకారం సంస్థ కేవైసీతో పాటు ఆ సిమ్ వాడే ఉద్యోగి కేవైసీ కూడా ఇవ్వాలి. కాస్త పేపర్ వర్క్ ఉంటుంది. అయినా చేయండి. ఓనరు పేరు మీద నాలుగైదు సిమ్‌లు తీసి పంచేయడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. ఎవరి పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఓనరు గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చూడండి, ఆయనకి గుర్తులేని నంబరు ఉంటే అక్కడే రిపోర్ట్ చేయవచ్చు.

ఇక సేల్స్ వాళ్ల సొంత నంబర్ల నుంచి ఆఫీసు నంబరుకి మారడం. ఇక్కడ చాలామంది ఓనర్లు ఫోన్ ఇలా ఇవ్వమని తీసుకుని చాట్లన్నీ తిప్పేస్తారు. దయచేసి అలా చేయకండి. అందులో అతని భార్య మెసేజ్‌లు ఉంటాయి, తల్లి మెడికల్ రిపోర్టులు ఉంటాయి, ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ సంగతులు కూడా ఉండొచ్చు. ఏవీ మీవి కావు. కావాల్సిన కస్టమర్ల పేర్లు కాగితం మీద రాసివ్వండి. అతనే తన చేత్తో ఒక్కో చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఆఫీసు మెయిల్‌కి పంపుతాడు. తర్వాత ఆ కస్టమర్లకి ఇలాంటి మెసేజ్ అతని నంబరు నుంచే వెళ్లాలి: "అన్నా, ఇకమీద ఆర్డర్లు, కొటేషన్లు మన షాపు నంబరుకే పెట్టండి. నేనే చూస్తాను. మన బ్యాంకు అకౌంటు ఏమీ మారలేదు. మారిందని ఎవరైనా చెప్తే నమ్మకండి, షాపుకి ఫోన్ చేయండి." చివరి రెండు వాక్యాలు మర్చిపోకండి. నంబరు మారుతున్న సమయంలోనే మోసగాళ్లు మధ్యలో దూరతారు.

వాట్సాప్‌లో ఆ రోజే చేయాల్సినవి

2016 నుంచి వాట్సాప్ మెసేజ్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తున్నాయి కాబట్టి అంతా భద్రమే అని చాలామంది నమ్మకం. దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమే. పోయేదంతా రెండు చివరల దగ్గర, అంటే ఫోన్లో, కంప్యూటర్‌లో, బ్యాకప్‌లో.

సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరవండి. ఒక నంబరుకి ఫోను కాక మరో 4 పరికరాల వరకు తగిలించుకోవచ్చు. ఆఫీసులో నలుగురు ఒకే నంబరు మీద పనిచేయడానికి ఇది నిజంగా మంచి సదుపాయం. కానీ జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం తెరిచిన వాట్సాప్ వెబ్, అమ్మేసిన పాత ల్యాప్‌టాప్, అన్నీ అక్కడే కూర్చుని ఉంటాయి. మీ ఫోన్ స్విచాఫ్ అయినా వాటికి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. గుర్తుపట్టనివన్నీ లాగౌట్ చేయండి. ప్రతి నెలా జీతాల రోజున మళ్లీ చూడండి. తేదీ గుర్తుంచుకోవడం కన్నా జీతాలకి ముడిపెడితే ఎవరూ మర్చిపోరు.

టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. షాపు పిన్‌కోడో, ఓనరు పుట్టినరోజో వద్దు. దాని కింద రికవరీ మెయిల్ అడుగుతుంది, ఆఫీసు మెయిల్ ఇవ్వండి.

బ్యాకప్ సంగతి ఎవరూ పట్టించుకోరు. చాట్లు గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో వెళ్లేటప్పుడు వాటికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ దానంతటది ఉండదు, మనమే ఆన్ చేయాలి. 2021లో ఆ సదుపాయం వచ్చింది. చాట్ బ్యాకప్ సెట్టింగ్‌లోనే ఉంటుంది. పాస్‌వర్డ్ పెడితే దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, పోతే వాట్సాప్ వాళ్లు కూడా తిరిగి ఇవ్వలేరు. అంతకన్నా ముఖ్యం, ఆ డ్రైవ్ ఎవరి జీమెయిల్‌ది అన్నది. ఆఫీసు ఫోన్లో ఉద్యోగి సొంత జీమెయిల్‌తో లాగిన్ అయి ఉంటే మీ బ్యాకప్ అంతా అతని అకౌంట్లోకి వెళ్తోంది, అతని ఇంటి ఫొటోలు మీ ఆఫీసు ఫోన్లోకి వస్తున్నాయి. ఇద్దరికీ నష్టమే.

మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలాన్ అనో పేరు పెట్టి ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేవి) తెలిసినవాళ్ల నంబర్ల నుంచే గ్రూపుల్లోకి వస్తున్నాయి. వాళ్ల ఫోన్ ముందే దొంగల చేతికి చిక్కి ఉంటుంది. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే ఎవరు పంపినా ముట్టుకోవద్దని మా ఆఫీసులో డెలివరీ అబ్బాయి దగ్గర్నుంచి ఓనరు గారి దాకా అందరికీ చెప్పాను.

గ్రూపుల్లో ఇద్దరు అడ్మిన్లు ఉండాలి, ఒకరు ఓనరో మేనేజరో అవ్వాలి. ఆర్డర్లు, పేమెంట్లు మాట్లాడే గ్రూపులో మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగ్ పెట్టకండి, రేపు తగాదా వస్తే చూపించడానికి ఉండాలి. కొత్తగా చేరినవాళ్ల ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలైతే అసలు గ్రూపులోకే రాకూడదు. వాటిని ఒక్కరే తీసుకుని, ఫైల్లో పెట్టుకుని, చాట్ నుంచి తుడిచేయాలి. ఆధార్ అవసరమైతే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి, ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్‌లోనే దొరుకుతుంది.

డబ్బు సంగతి మాత్రం గొంతుతోనే

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. మాకు పంపులు పంపే ఒక తయారీదారు నుంచి ఒకసారి మెయిల్ వచ్చింది. మా పాత మెయిళ్ల వరుసలోనే, మా బిల్లు నంబరుతో, రూపాయి తేడా లేని మొత్తంతో. ఆడిట్ నడుస్తోంది, ఈ నెల మాత్రం ఈ కొత్త అకౌంటుకి ఆర్‌టీజీఎస్ చేయండి అని. మెయిల్ అడ్రసులో ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. స్క్రీన్ మీద చూస్తే ఎమ్ లాగే ఉంది. మా ఆఫీసులో పాత బిల్లు తీసి, దాని మీదున్న నంబరుకి ఫోన్ చేశాకే డబ్బు పంపే అలవాటు ఉంది కాబట్టి అవతలి వాళ్ల అకౌంట్స్ మేనేజర్ ఒక్క నిమిషంలో చెప్పేశారు, మాది కాదని. తర్వాత తేలిందేమిటంటే వాళ్ల మెయిల్ బాక్సులోకి ఎవరో చొరబడి, కొన్నాళ్లుగా అన్నీ చదువుతూ, బిల్లు వెళ్లే సమయం కోసం కాచుకుని ఉన్నారు.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. పాస్‌వర్డ్ కొట్టేసిన దొంగ వెంటనే ఏమీ చేయడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రతి మెయిల్ తనకి కూడా కాపీ వచ్చేలా ఫార్వర్డింగ్ పెట్టుకుంటాడు, లేదా అసలు కంపెనీ పంపే మెయిళ్లు మీ కంట పడకుండా ఫిల్టర్ పెడతాడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫార్వర్డింగ్ అలాగే ఉండిపోతుంది. అందుకే పాస్‌వర్డ్ ఒక్కటి మారిస్తే సరిపోదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు రెండు చోట్లా చూసి, మీరు పెట్టనివి తీసేయండి.

మా ఆఫీసులో రాసి గోడకి అతికించిన పద్ధతి ఇది, మీరూ వాడుకోండి. అకౌంటు మారింది అన్న మాట మెయిల్లో వచ్చినా, వాట్సాప్‌లో వచ్చినా, లెటర్‌హెడ్ మీద సంతకంతో వచ్చినా ఫోన్ చేయాలి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు, మన ట్యాలీ లెడ్జర్‌లో ముందు నుంచీ ఉన్న నంబరుకి. మాట్లాడినవాళ్ల పేరు, టైము ఆ బిల్లు మీదే పెన్నుతో రాయాలి. అకౌంటు ఎక్కించేది ఒకరు, ఆమోదించేది ఇంకొకరు. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ పంపే ముందు అకౌంటుదారు పేరు కనిపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి పెట్టమని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఆ పేరు బిల్లు మీది పేరుతో కలవకపోతే అక్కడే ఆగాలి.

ఒక రూపాయి పంపి చూస్తే చాలంటారు కొందరు. అది అకౌంటు పనిచేస్తోందని చెప్తుంది, ఎవరిదో చెప్పదు. వచ్చిందండీ అని మెయిల్లో జవాబిచ్చేది కూడా ఆ దొంగే.

ఇప్పుడు గొంతును, ముఖాన్ని కూడా నకిలీ చేస్తున్నారు. 2024లో బయటపడిన హాంకాంగ్ కేసు అకౌంట్స్‌లో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలియాలి. అరప్ అనే ఇంజినీరింగ్ కంపెనీ ఉద్యోగి వీడియో కాల్‌లో తన పై అధికారి, ఇతర సిబ్బంది కనిపించారని నమ్మి దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. కాల్‌లో కనిపించిన వాళ్లంతా కంప్యూటర్ సృష్టించిన బొమ్మలే. కాబట్టి గొంతుతో నిర్ధారించుకోవడం అంటే వచ్చిన కాల్‌ని నమ్మడం కాదు. ఆ కాల్ పెట్టేసి, మనకి తెలిసిన నంబరుకి మనమే తిరిగి చేయడం.

ఇక్కడ ఓనర్లకి ఒక మాట. కొత్త నంబరు నుంచి మీ ఫొటోతో మెసేజ్ వస్తుంది, మీటింగ్‌లో ఉన్నాను, అర్జెంటుగా ఈ అకౌంటుకి పంపు అని. మీ గుమాస్తా మీకు తిరిగి ఫోన్ చేయడానికి భయపడతాడు, ఎందుకంటే మీటింగ్‌లో ఉండగా ఫోన్ చేస్తే మీరు అరుస్తారని అతనికి తెలుసు. ఆ భయం మీదే మోసగాళ్లు బతుకుతున్నారు. అందరి ముందూ చెప్పండి: "డబ్బు విషయంలో ఎప్పుడు ఫోన్ చేసినా నేను కోప్పడను. నేను ఎత్తకపోతే పంపకండి." చెప్పడమే కాదు, మొదటిసారి అతను అలా ఫోన్ చేసినప్పుడు నిజంగానే మెచ్చుకోండి.

ఓటీపీలు, మెయిళ్లు

సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ తప్పనిసరి. ఆ ఓటీపీ బయటి కన్సల్టెంట్ నంబరుకి వెళ్తుంటే శనివారం సాయంత్రం లారీ లోడై నిలబడి ఉన్నప్పుడు ఆయన కోసం వెతుక్కోవాలి. మనిషికో సబ్ యూజర్ ఐడీ తెరవండి, ఓటీపీ వాళ్ల ఆఫీసు నంబరుకే వస్తుంది. జీఎస్టీ పోర్టల్లో, బ్యాంకులో రిజిస్టర్ అయిన నంబరు, మెయిల్ ఎవరివో ఈ వారమే చూసుకోండి.

మెయిల్‌కి సొంత డొమైన్ (అడ్రసులో @ తర్వాత వచ్చే మీ సొంత పేరు) తీసుకోండి, ఒక్కొక్కరికి ఒక్కో ఐడీ ఇవ్వండి. ముగ్గురు ఒకే పాస్‌వర్డ్ వాడితే ఏం జరిగినా ఎవరు చేశారో తేలదు, తప్పు చేయనివాళ్లు కూడా అనుమానం మోయాలి. డొమైన్ పెట్టేవాళ్లని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే సెట్టింగులు మూడూ పెట్టమని అడగండి. మీ డొమైన్ పేరుతో వేరేవాళ్లు మెయిల్ పంపితే అవతలి సర్వర్ పట్టుకునేది వాటితోనే. పెట్టడం తెలియదు అంటే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఉద్యోగి జీవితంలో మీకు ఎంత చోటుంది

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. అది ప్రభుత్వాల సంగతి కదా, మన షాపుకేం సంబంధం అని నన్ను అడిగినవాళ్లున్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన షాపులకీ వర్తిస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి అమల్లోకి వస్తాయి. డేటాని సరిగ్గా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. కస్టమర్ల వివరాలతో పాటు మీ ఉద్యోగుల వివరాలు కూడా ఇందులోకి వస్తాయి.

జరిమానా కోసం కాకపోయినా చేయండి. బయట తిరిగే సేల్స్ వాళ్ల ఫోన్లలో లొకేషన్ యాప్ పెడతారు. పని గంటల్లో పార్టీ దగ్గరికి వెళ్లారో లేదో తెలుసుకోవడం వరకు సరే. ఆ యాప్ ఆదివారం కూడా పనిచేస్తుంటే అతను ఏ ఆసుపత్రికి వెళ్లాడో, ఏ బంధువుల ఇంటికి వెళ్లాడో మీకు తెలిసిపోతుంది. పని ముగియగానే అది ఆగాలి, ఆగుతోందని అతనికి కనిపించాలి. సొంత ఫోన్లోనే ఆఫీసు మెయిల్ చూడక తప్పకపోతే ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ పెట్టించండి. ఆఫీసు యాప్‌లు వేరే అరలో ఉంటాయి, మానేసేటప్పుడు ఆ అర ఒక్కటే తుడవొచ్చు, సొంత ఫొటోలు, చాట్లు ఆఫీసుకి కనిపించవు.

కౌంటర్ మీద సీసీ కెమెరా ఉంటే మాటలు రికార్డు చేసే సెట్టింగ్ ఆపండి. అమ్మాయిలు భోజనం చేసే గదిలో కెమెరా పెట్టిన ఒక చోట నేను ముందు అది తీయించాకే మిగతా పని మొదలుపెట్టాను.

రాత్రి మెసేజ్‌లు. పదకొండింటికి గ్రూపులో రేపటి డెలివరీ లిస్టు పెడితే, రేపు చూసుకోవచ్చు అని మీరు అనుకుంటారు. అది చూసిన స్టోర్స్ అబ్బాయికి నిద్ర పట్టదు. వాట్సాప్ బిజినెస్‌లో పని గంటలు పెట్టి, ఆ తర్వాత కస్టమర్లకి దానంతటదే ఇలాంటి మెసేజ్ వెళ్లేలా చేయండి: "షాపు ఉదయం 10 గంటలకి తెరుస్తాం, అప్పుడు జవాబిస్తాం." మీ వాళ్లకి చెప్పాల్సింది రాత్రి గుర్తొస్తే మీ నంబరుకే మీరు మెసేజ్ పెట్టుకుని పొద్దున ఫార్వర్డ్ చేయండి. మా దగ్గర ఈ పద్ధతి పెట్టాక రాత్రి వచ్చే మోసపు మెసేజ్‌లు కూడా సులువుగా తెలిసిపోతున్నాయి. ఆ టైములో మా వాళ్లెవరూ డబ్బు మాట ఎత్తరని అందరికీ తెలుసు కాబట్టి.

ఆన్‌లైన్ మీటింగుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వెయిటింగ్ రూమ్ ఆన్‌లో ఉంచండి. నోట్స్ రాసే ఏఐ అసిస్టెంట్ అని ఎవరో తెలియని పేరు కాల్‌లోకి వస్తే ఎవరు తెచ్చారో అడగండి, ఆ రికార్డింగ్ ఇంకో కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. కస్టమర్ లిస్టు, రేట్లు, జీతాల షీటు ఏఐ చాట్‌లో అతికించవద్దని కుర్రాళ్లకి చెప్పండి. లెటర్ రాయించుకోవాలంటే పేర్లు, అంకెలు తీసేసి అడగమనండి.

డబ్బు పోతే, మనిషి వెళ్తే

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో ఎవరిది తప్పు అన్న పంచాయతీ పెట్టకండి. 1930కి ఫోన్ చేయండి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇవి చూస్తుంది. యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబరు), టైము, మొత్తం, ఏ అకౌంటుకి వెళ్లింది, ఇవి చేతిలో ఉండాలి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు ఇంకో అకౌంటుకి మారకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఇంకొకరు అదే సమయంలో మీ బ్యాంకు బ్రాంచికి ఫోన్ చేయాలి. మెసేజ్‌లు తుడిచేయకండి. ఫోన్ పోతే సంచార్ సాథీలో ఐఎంఈఐ నంబరుతో (ఫోనుకి ఉండే గుర్తింపు నంబరు) బ్లాక్ చేయవచ్చు, అందుకు ప్రతి ఆఫీసు ఫోనులో *#06# కొట్టి ఆ నంబరు ముందే రాసిపెట్టుకోండి.

ఎవరైనా ఉద్యోగం మానేసినప్పుడు చివరి రోజున గంట సమయం కేటాయించండి, అతను పక్కనే ఉండగా చేయండి. సిమ్, ఫోను తీసుకోండి. ఫోన్లో అతని సొంత అకౌంటు ఏదైనా ఉంటే అతన్నే తీసుకోనివ్వండి. లింక్డ్ డివైసెస్ లాగౌట్, పిన్ మార్పు, మెయిల్ పాస్‌వర్డ్ మార్పు, బ్యాంకులో, జీఎస్టీలో అతని పేరు తీసేయడం, అన్నీ ఆ గంటలోనే. గ్రూపుల్లోంచి తీసేముందు చెప్పి తీయండి. అతని ఆధార్ కాపీ, ఫొటోలు మీ దగ్గర అనవసరంగా ఉన్నవి చింపేసి, తుడిచేసి, ఆ మాట అతనికి చెప్పండి. ఆ సిమ్‌కి రీచార్జి మాత్రం ఆపకండి, ఆపితే కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది, మీ కస్టమర్ల పేమెంట్ మెసేజ్‌లు వాళ్లకి వెళ్తాయి. అతను ఏడి అని అడిగే పార్టీలకి మానేశారు, ఇకమీద ఈ నంబరులో ఫలానావాళ్లు మాట్లాడతారు అని చెప్తే చాలు. కొత్త ఉద్యోగం ఎక్కడ, ఎందుకు మానేశాడు, అతని సొంత నంబరు ఎంత, ఇవేవీ అడిగినా ఇవ్వకండి.